గుట్ట కింది ఇంటిదాకా

రేడియో సారు పోయారన్న కబురు మా ఇంటికి మనిషి ఎవరూ తేలేదు. రేడియోయే తెచ్చింది. పొద్దున పొయ్యి రాజేస్తున్నాను. లోపల నా బిడ్డ సెట్టు చెవికి ఆనించుకుని కూర్చుంది. నేల మీద గోనెసంచి ఈడ్చినట్టు గరగర. ఆ గరగరలో ఎవరో మగమనిషి గొంతు తెగుతూ తెగుతూ వస్తోంది. బిడ్డ చెయ్యెత్తి నన్ను ఆగమంది.

"అమ్మా, సార్ పోయిండంట."

"ఏ సారు?" అన్నాను. తెలిసే అడిగాను. మాకు ఉన్నది ఒక్క సారే.

"దవాఖానల. రాత్రి."

"మంచిగ ఇన్నవా? ఆ గరగరల ఏమినవడ్డదో ఏమో."

"రెండుసార్లు చెప్పిండ్రు."

"నువ్వేమన్న అన్నవా వాళ్లతోని?"

బిడ్డ సెట్టు దించి చాప మీద పెట్టింది. "అన్న. పోలె."

పోలేదు. నేను చెప్పుకోవాలనుకున్న కష్టమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నా బిడ్డ మాట గుట్ట ఎక్కడం లేదు. సారు బాగున్నంతకాలం ఎక్కింది. ఆయన దవాఖానాలో పడిన తర్వాత, గుట్ట మీద ఆయన నిలబెట్టిన ఆంటెనాను దింపి వేరేది పెట్టారు. అప్పటినుంచి ఆగిపోయింది. చచ్చిపోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలంటే నేను ఇదే చెప్పాలి. ఆయన చేసిన మంచి ఏమిటో, అది పోయాకే మా ఇంట్లో తెలుస్తోంది.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. తనకు నచ్చని మాట వచ్చినా రాయాలని ముందే ఒట్టు పెట్టించుకున్నాను.

మాది మాదాపూర్ దాటాక రాళ్ళగుట్టను ఆనుకుని ఉన్న ఇల్లు. వెనక గోడకు బదులు బండే ఉంటుంది. నా బిడ్డకు చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. బడికి నేను ఎత్తుకుని తీసుకుపోయినంతకాలం పోయింది. నా నడుము పోయాక ఇంట్లోనే ఉండిపోయింది. దానికి లోకమంటే ఒక గుమ్మం, గుమ్మంలోంచి కనబడే గుట్ట.

ఆ గుమ్మం ముందుకే సారు మొదటిసారి వచ్చారు, భుజం మీద ఇనపగొట్టం, చేతిలో తీగచుట్టతో. సైకిలు మా చింతమొద్దుకు ఆనించి, నీళ్ళు అడిగారు.

"ఎవరయ్యా నువ్వు? కరెంటాఫీసోడివా, భూమి కొలిచేటోడివా?" అన్నాను.

"రెండూ కాదండి. గుట్టెక్కి మాట్లాడుకుందామని వచ్చానండి."

"ఎవరితోని? గుట్టమీద ఎవరున్నరు?"

"విజయవాడలో ఒకాయన ఉన్నాడండి. ఆయనతోటి."

"బండెక్కి విజయవాడకే పోరాదు మరి. మా గుట్టెందుకు ఎక్కుడు?"

నీళ్ళు పొలమారేంత నవ్వారు. సర్కారులో ఇంజనీరు కొలువు ఆయనది, ఊరు గుంటూరు వైపు, ఉండేది బోరబండలో కిరాయి ఇంట్లో. పెళ్ళాం పిల్లలు లేరు. నేను నవ్వించాలని అనలేదు, కానీ ఆ రోజునుంచి ప్రతి ఆదివారం నా నోటి కోసమే మా గుమ్మం మీదుగా వెళ్ళేవారేమో అనిపించేది. ఒక ఆదివారం దిగి వచ్చేటప్పుడు లోపలినుంచి నా బిడ్డ అడిగింది, "సార్, ఇయ్యాల ఇనవడ్డదా?" అని. ఆయన గడప మీద కూర్చుండిపోయారు. ఎవరు ఏమన్నారో, ఎక్కడివాళ్ళో, మధ్యలో ఎందుకు తెగిపోయిందో, నా బిడ్డ కూడా తనలాంటి ఇంజనీరే అయినట్టు అన్నీ చెప్పారు.

రేడియోలో మాట్లాడాలంటే పరీక్ష రాసి సర్కారు దగ్గర అనుమతి తెచ్చుకోవాలట. ఆ పరీక్షకు ఆయనే చదివించారు. పొడుగు చప్పుడు, పొట్టి చప్పుడు కలిపి అక్షరాలు చెయ్యడం నేర్పితే, నా బిడ్డ పొద్దస్తమానం గరిటెతో కంచం మీద కొట్టేది. మా వెనకింటి ఆమె వచ్చి, "ఏందే, మీ ఇంట్ల పెండ్లా, ఊకె డప్పు కొడుతున్నరు?" అనేది. పరీక్షరోజు సారే రిక్షా తెచ్చారు. కాగితం రావడానికి చాలాకాలం పట్టింది, కానీ వచ్చింది. రేడియోలో పేరు బదులు చెప్పుకునే అక్షరాలూ అంకెలూ ఉంటాయి, కాల్ సైన్ అంటారు. నా బిడ్డకు ఒకటి ఇచ్చారు. తండ్రి పెట్టిన పేరు కంటే దాన్ని ఎక్కువ ముచ్చటగా పలికేది. ఇది రాయొద్దంటోంది. రాయమన్నాను.

కొన్నేళ్ళకు పట్నంలోని రేడియోవాళ్ళందరూ ఒక సంఘం కట్టి, మా గుట్ట మీద రిపీటర్ అనే పెట్టె పెట్టారు. నాకు తెలిసినంతలో చెబుతాను. చేలో ఇద్దరు దూరం దూరంగా ఉండి ఒకరి కేక ఒకరికి వినపడకపోతే, మధ్యన గట్టు మీద ఒకడు నిలబడి ఇటు కేక అటూ, అటు కేక ఇటూ అందిస్తాడు కదా, ఆ పెట్టె చేసేది అదే. కొండ మీద రేకుల డబ్బాలో అది, కింద బ్యాటరీ, పైన స్తంభానికి ఆంటెనా. చిన్న సెట్టున్న నా బిడ్డలాంటిది కూడా ఇంట్లో కూర్చుని పట్నమంతటితోనూ మాట్లాడొచ్చు.

ఆ ఆంటెనా దగ్గరే గొడవ మొదలైంది. సంఘంలో కుర్రవాళ్ళు పొడుగాటిది తేవాలన్నారు. సారు పొట్టిదే అన్నారు. నాకూ అర్థం కాలేదు. రొట్టెలు చేస్తూ అడిగేశాను.

"గిదేంది సారూ, గంత గుట్టమీద గింత పొట్టిదా? జర పెద్దది పెడితే నీ సొమ్మేం పోతది?"

ఆయన నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నారు. "పెద్దమ్మగారూ, ఈ ముద్దతో ఎంత రొట్టె అవుతుందండి?"

"ఇంత." చేత్తో చూపించాను.

"ఇంకా వెడల్పు చెయ్యండి."

"చేస్తే పల్చనైతది. గట్టిగుండదు. పెనం మీద ఇరుగుతది."

"అదేనండి. పెట్టె బలం ఈ పిండిముద్దంత. ఆంటెనా పొడుగు చేస్తే కొత్తగా పిండి రాదండి. ఉన్నదే పల్చగా చదునై దూరం పోతుంది. మీ గుట్ట ఎత్తు, మీ ఇల్లు దాని కాళ్ళ దగ్గర. పల్చటి రొట్టె మీ నెత్తిమీదనుంచి వెళ్ళిపోతుందండి. మందంగా ఉంటేనే కింది దాకా వస్తుంది."

"అయితే నా బిడ్డకోసమే పొట్టిదంటున్నవా?"

"గుట్ట చుట్టూ ఉన్నవాళ్ళందరి కోసమండి. మీ అమ్మాయి కోసం కూడా."

ఆ మాట పట్టుకుని ఆయన సంఘంతో పోట్లాడి గెలిచారు. పొట్టి ఆంటెనాకు కూడా గొట్టం ఏరడానికి ఎన్ని ఆదివారాలు తిరిగారో. మా గుట్ట మీద గద్దలు ఎక్కువ. గద్ద వచ్చి కూర్చున్నా వంగని గొట్టం కావాలనేవారు. అంగడివాడు మెరుపు చూపించి అమ్మబోతే, రెండు చివర్లూ రాళ్ళ మీద పెట్టించి, నడిమి మీద తన సంచీ వేలాడదీసి చూసి, ఒద్దని లేచి వచ్చేశారట.

వానలకు ముందు మాత్రం ఆయన చేతులు చూడాలి. పాత సైకిలు ట్యూబు పీలికలుగా కోసి, ఆంటెనాకు తీగ కలిసే ప్రతి అతుకు మీదా బిగించి చుట్టేవారు. కిందినుంచి పైకి చుట్టాలి, పైమడత కిందిమడత మీదకు రావాలి. మేము గుడిసెకు గడ్డి కప్పేదీ అలాగే. తీగను డబ్బాలోకి పంపేముందు కిందికి వేలాడేలా ఒక వంపు వదిలేవారు, నీళ్ళు ఆ వంపు దగ్గరే జారి పడిపోవాలని. "నీళ్ళకు దారి మనం చూపించాలండి. లేకపోతే అవే వెతుక్కుని లోపలికి వస్తాయి" అనేవారు. ఆ పని చేసిన రోజు చొక్కా జేబులు రబ్బరు కంపు కొట్టేవి. అన్నం ముందు చేతులు కడుక్కోమని నేను గసిరేదాన్ని.

పిడుగు సంగతి మా వాకిట్లోకే వచ్చింది. గుట్టంతా బండ. పిడుగు పడితే బండలోకి దిగదట, తడిమట్టి కావాలట. స్తంభంనుంచి రాగిపట్టీ కిందిదాకా దింపి, మా స్నానాల రాయి పక్కన గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపి పూడ్చారు. ఎండాకాలంలో రోజూ బిందెడు నీళ్ళు పొయ్యమని నాకు అప్పగించారు. నేను ఉప్పు వేసి నీళ్ళు పొయ్యడం చూసిన ఆడవాళ్ళు ఏదో వెలిసిందనుకున్నారు. ఒకామె పసుపు చల్లింది. ఇంకొకామె బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. సారు చూస్తే కోప్పడతారని నేను చెరిపేస్తుంటే ఆయన ఆపారు.

"ఉండనివ్వండి. దేవుడనుకుంటే నీళ్ళు పొయ్యడం ఎవరూ మర్చిపోరు. వీలుంటే ఉప్పు కూడా మొక్కుకోమనండి."

ఆ గుంటలో ఇప్పటికీ నీళ్ళు పోస్తున్నాను. ఎందుకు పోస్తున్నానో చెప్పలేను. నా బిడ్డ మాట మొయ్యని స్తంభం పిడుగు పడి మసైతే నాకేం పోతుంది?

సారుకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. దవాఖానాలో చేరాక సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాడు, ముందుగా చెప్పడానికే వచ్చాడు. పక్క జిల్లాలవాళ్ళు తమకు వినపడటం లేదని మొత్తుకుంటున్నారట, అందుకని పొడుగు ఆంటెనా తెచ్చారట.

"మరి నా బిడ్డ?" అన్నాను.

"అందరం ఆలోచించే చేసినమమ్మా. అక్కడ అంతమంది ఉన్నరు. ఇక్కడ ఒక్కరికోసం..."

"ఒక్కరంటే ఎంతమంది అయ్యా? ఆ పక్క జిల్లాలోళ్లు బజారుకు పోతరా?"

"పోతరు."

"నలుగుర్ని కలుస్తరా?"

"కలుస్తరు గని..."

"నా బిడ్డ యాడికి పోతది? నువ్వే చెప్పు."

మా కప్పు మీద గొట్టం నిలబెట్టి చూశాడు పాపం. పైన బండ గొడుగులా వంగి ఉంది, దాన్ని దాటి పోలేదు. గుట్టపైదాకా తీగ లాగుదామా అంటే, ఆ చిన్న సెట్టు మాట అంత పొడుగు తీగలోనే ఆరిపోతుందని నా బిడ్డే చెప్పింది. సారు ఆంటెనా ఏమైందని అడిగాను. దాని గొట్టం గట్టిదని కోసి, పొడుగుదానికి ఊతంగా బిగించారట. మళ్ళీ పెట్టమని అడగడానికి కూడా ఏమీ మిగల్లేదు.

దవాఖానాకు వెళ్ళాను. సారు మంచంలో దుప్పటికింద ఉన్నారో లేరో అన్నట్టు ఉన్నారు.

"మీ అమ్మాయికి ఎలా వినపడుతోందండి?"

"గరగర వస్తది. బిడ్డ మాట మాత్రం పైకి పోతలేదు."

కళ్ళు మూసుకున్నారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, కానీ ఆంటెనా మార్చారన్న సంగతి ఆ రెండు ముక్కల్లోనే తెలిసిపోయింది. "నేను లేచాక దింపేస్తానండి" అన్నారు.

"లేస్తవా?"

"లెయ్యనేమోనండి." కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. "వాళ్ళను తిట్టకండి, పెద్దమ్మగారూ. దూరపు ఊళ్ళు వినపడుతున్నాయని సంబరంలో ఉన్నారు. నేనూ విజయవాడ వినపడినప్పుడు అలాగే ఉన్నాను."

"నేను తిడత."

"అయితే నా పేరు చెప్పి తిట్టకండి."

ఆయన్ను నేను చూడటం అదే ఆఖరు. అందుకే ఎవరినీ తిట్టడం లేదు. అడుగుతున్నాను, అంతే. చదువుకున్నవాళ్ళు, పదిమందిని కూడగట్టగలవాళ్ళు ఇది చదివే మీలో ఉన్నారు. ఇంకొక పొట్టి ఆంటెనా ఆ స్తంభానికి పెట్టరాదా? పెట్టరని నాకు తెలుసు. సారు లేరు. ఆ పని తెలిసినవాళ్ళకు గుట్ట కింద చుట్టాలు లేరు. నా తర్వాత నా బిడ్డతో మాట్లాడేది ఎవరన్నది నేను ఆలోచించడం మానుకున్నాను. ఆలోచిస్తే పొద్దు గడవదు.

సారు పోయాక వచ్చిన ఆదివారం సంఘంవాళ్ళు రేడియోలో ఆయన్ను తలుచుకున్నారు. కార్యదర్శి ఒక్కొక్కరి కాల్ సైన్ పిలవడం, వాళ్ళు రెండు మాటలు చెప్పడం. పట్నంవాళ్ళు చెప్పారు, పక్క జిల్లాలవాళ్ళు చెప్పారు. సారును కంటితో చూడనివాళ్ళు కూడా చెప్పారు. గరగరలో నా బిడ్డ కాల్ సైన్ కూడా వినపడింది. మర్చిపోలేదు, పిలిచారు. తను బొత్తాం నొక్కి మొదలుపెట్టింది. వదలగానే అవతలినుంచి, "జవాబు లేదు. తర్వాతివారు" అని వచ్చింది.

"మళ్లొకసారి చెప్పరాదే," అన్నాను.

"మధ్యల మాట్లాడొద్దమ్మా. ఆళ్లది అయిపోవాలె."

అందరిదీ అయ్యేదాకా కూర్చుంది. సభ ముగిసిందని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. అప్పుడు నా బిడ్డ కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, బొత్తాం నొక్కింది. సెట్టు ముఖం మీద, మాట బయటికి పోతుంటే లేచే సన్నటి సూది ఒకటి లేచి నిలబడింది. సారు గడప మీద కూర్చున్న రోజునుంచీ మొదలుపెట్టి, ఒక్క మాట తొందరపడకుండా, అవతల అందరూ వింటున్నట్టే చెప్పింది. నేను పక్కన కూర్చుని ఆ సూదినే చూస్తున్నాను. తను చెప్పినంతసేపూ అది అలాగే నిలబడి ఉంది. చివర తన కాల్ సైన్ పలికి, సెలవు అని, వేలు తీసింది. సూది పడిపోయింది.