నాగక్క మెట్టెలు, దేవ్లా కర్పూరం

పినపాక దాటి అడవి మొదలయ్యే చోట ఒక ఫ్యాక్టరీ ఉండేది. దాని పేరు మనకెందుకు గానీ, అందులోంచి రాత్రింబవళ్లు నల్లటి మురికినీళ్లు బయటికి వచ్చేవి. ఆ నీళ్లు భూమిలోకి ఇంకకుండా ఉండాలంటే పెద్ద గుంట తవ్వి, అడుగునా గట్ల మీదా మందపాటి ప్లాస్టిక్ షీటు పరచాలి. ఒక షీటు అంచును ఇంకో షీటు అంచుకు వేడి మిషనుతో అతికించాలి. ఆ పని చేసే ముఠాకు దేవ్లా మేస్త్రీ. రెండువేల ఆరు ఎండాకాలంలో ఫ్యాక్టరీ ఒక పక్క పొగ కక్కుతూనే ఉంది, షీటు లేని పాత గుంట నిండి పొర్లడానికి సిద్ధంగా ఉంది, కొత్త గుంటలో దేవ్లా మనుషులు కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నారు.

దేవ్లా మనిషి మంచివాడే, చాదస్తం పాలు కాస్త ఎక్కువ. ఎక్కడ బొక్క కనపడినా అతనికి నిద్ర పట్టదు. పెళ్లి భోజనానికి పిలిస్తే మోదుగాకు విస్తరిని ఎత్తి వెలుతురుకు పట్టి చూసుకుని గానీ కింద పెట్టడు. పప్పు చల్లారిపోతోందని వడ్డించేవాడు గొణిగినా వినడు. కొత్త కుండ కొంటే దాని నిండా నీళ్లు పోసి, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు దాని పక్కనే కూర్చుంటాడు.

ఇక గుంటలో అతని శాసనాలు చెప్పనే అక్కర్లేదు. షీటు మీద చెప్పులతో అడుగు పెట్టకూడదు. బీడీలు, అగ్గిపెట్టెలు గట్టు మీదే వదిలిపెట్టాలి. తాళంచెవులు, పెన్నులు జేబులో ఉండకూడదు. ఒకసారి ఫ్యాక్టరీ పెద్దసారు పని చూడడానికి వస్తే ఆయన బూట్లు కూడా విప్పించాడు. సారు సాక్సుకు బొటనవేలి దగ్గర చిరుగు ఉంది. దేవ్లా దాన్ని చూసి ఊరుకుంటే ఎంత బాగుండును. సాక్సు లీకవుతోంది, మాసిక వేయించుకోండి సారూ అని అందరి ముందూ మర్యాదగా సలహా ఇచ్చాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ముఠా అంతా మొహాలు అటు తిప్పుకుంది.

ముఠాలో నాగక్క అని ఒక పెద్దామె ఉంది. కోయగూడెం మనిషి. షీటు గాలికి లేవకుండా ఇసుక బస్తాలు పెట్టడం, అతుకు వేసేముందు చిమ్నీ బూడిద తుడవడం ఆమె పని. చేరిన రోజే దేవ్లా కళ్లు ఆమె కాలి మెట్టెల మీద పడ్డాయి. షీటుకు గీత పడుతుంది, తీసేయమన్నాడు. నాగక్క తట్ట కింద పెట్టింది.

"నా మొగుడు బతికే ఉన్నడు మేస్త్రీ. మెట్టెలు తియ్య. గట్లయితే నీ పనే నాకొద్దు."

దేవ్లా తల గోక్కుని, పాత పంచె ఒకటి చించి రెండు పీలికలు ఆమె చేతికిచ్చాడు. అప్పటినుంచీ రోజూ పొద్దున అదే తంతు. ఆమె మెట్టెల చుట్టూ గుడ్డ కట్టుకునేదాకా అతను పక్కనే నిలబడి, ముడి గట్టిగా ఉందో లేదో కూడా అడిగేవాడు. వేలికి దెబ్బ తగిలిందా అని దారిన పోయేవాళ్లు పరామర్శిస్తుంటే, నాకు కాదు, మా మేస్త్రీ బుర్రకు తగిలింది అని ఆమె జవాబు చెప్పేది.

అన్నింటికన్నా పెద్ద శాసనం ఇంకొకటి ఉంది. ఎవరి చేతిలోంచైనా కత్తి జారి షీటుకు బొక్క పడితే దాచిపెట్టకూడదు. మర్నాడు పొద్దున వరసలో నిలబడి "నా వల్ల ఒక బొక్క పడింది" అని అందరూ వినేలా చెప్పాలి. బొక్కకు మాసిక వేశాక దాని పక్కన ఆ మనిషి పేరు తెల్ల రంగుతో రాయాలి. ముఠాలో చేతి దురుసు కుర్రాడు గోపాలు పేరు అప్పటికే ఆ గుంటలో మూడు చోట్ల వెలిగిపోతోంది. పేర్లు రాసే పని భవానిది. ఆమె పేరు ఆమే రాసుకోవలసి వచ్చిన రోజు గుంటంతా నవ్వులే. గుంట మొత్తం వెదికినా కనపడని పేర్లు రెండే, నాగక్కది, దేవ్లాది.

ఇంత చాదస్తానికి ఈసారి ఒక కారణం కూడా తోడైంది. గుంట కింది పల్లంలో ఉన్న తండాలోనే దేవ్లా చెల్లెలు గోరి కాపురం. పాత గుంట పుణ్యమా అని రెండేళ్లుగా వాళ్ల బావినీళ్లు ఒక రకమైన వాసన వేస్తున్నాయి. కొత్త గుంట పని అన్నదేనని తెలిసి గోరి ఒకరోజు సైటు గేటు దాకా వచ్చింది.

"అన్నా, నా పిల్లలు ఇగ ఏ నీళ్లు తాగుతరో నీ చేతులనే ఉంది" అని వెళ్లిపోయింది. ఆ మాట దేవ్లా గుండెల్లో దిగబడిపోయింది.

పని పూర్తయింది. సాయంత్రం ఇంజనీరు వచ్చి అతుకులన్నీ చూసి బాగుందన్నాడు. మర్నాడు పొద్దున పెద్దసారు వచ్చి నీళ్లు వదలాలి. పాత గుంట నీళ్లూ ఇందులోకే తోడేస్తారు. మిషన్లు, జనరేటరు అన్నీ లారీకెక్కాయి. డ్రైవరు గణేష్ తాళ్లు బిగించి లారీలోనే పడుకున్నాడు.

తెల్లవారుతుండగా దేవ్లా ఒక్కడే గుంట దగ్గరికి వచ్చాడు. ఏ గుంట పూర్తయినా గట్టు మీద మట్టిలో తమ తండా దేవత మేరమ్మ తల్లికి కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టడం అతని అలవాటు. ఈసారి మనసు గట్టు దగ్గర ఆగలేదు. చెల్లెలి బావి కళ్లముందు ఆడుతోంది. తల్లి గట్టు మీదినుంచి చూస్తే ఏం లాభం, అడుగున నిలబడి కాపాడాలి అనుకున్నాడు. చెప్పులు విప్పాడు, తాళంచెవులు తీసిపెట్టాడు, అన్ని నియమాలూ పాటించి, అగ్గిపెట్టె మాత్రం జేబులో వేసుకుని లోపలికి దిగాడు.

అన్నింటికన్నా లోతైన మూలలో తమలపాకు పరిచి, దాని మీద కర్పూరం వెలిగించి కళ్లు మూసుకున్నాడు. చెప్పుకోవలసినవి చాలానే ఉన్నాయి. బావి గురించి చెప్పాడు. గోరి పిల్లల గురించి చెప్పాడు. గోపాలుకు కాస్త చేతి నిదానం ఇవ్వమని కూడా అడిగాడు. ఈలోగా గాలి వీచి ఆకు తిరగబడింది. ముక్కుకు వాసన తగిలి కళ్లు తెరిచేసరికి షీటు కరిగి, బొటనవేలు పట్టేంత బొక్కలోంచి ఎర్రమట్టి కనపడుతోంది. కంచే చేను మేసింది.

దేవ్లా చుట్టూ చూశాడు, నరమానవుడు లేడు. ఇంజనీరు మళ్లీ దిగడు. ఒక ఇసుక బస్తా తెచ్చి మీద పెడితే ఇక చూసేవాడెవడు? బస్తా దగ్గరికి నడిచాడు కూడా. ఎత్తబోతే గోరి మాట చెవిలో పడింది. బస్తా వదిలేశాడు.

మాసిక వేయాలంటే లారీ తాళ్లు విప్పించాలి, జనరేటరు దింపించాలి. ఎందుకని అడుగుతారు. ఇన్నేళ్లుగా అందరినీ ఆడించిన మనిషి ఆ నలుగురి ముందూ పలచనైపోవాలి. గట్టెక్కుతూ ఒక అబద్ధం అల్లుకున్నాడు. చిమ్నీ నిప్పురవ్వ ఎగిరొచ్చి పడిందని చెప్పేస్తే సరి.

ముఠా వచ్చింది. ఆఖరి రోజైనా అలవాటు కొద్దీ వరసలో నిలబడ్డారు. దేవ్లా గొంతు సవరించుకుని చిమ్నీ మాట ఎత్తాడు. ఎత్తి, ఎవరి మొహమూ చూడలేక తల దించాడు. ఎదురుగా నాగక్క పాదాలు కనిపించాయి. గుంటలో దిగే పని లేకపోయినా, అతను ఇవ్వకపోయినా, ఆమె తనంతట తానే మెట్టెలకు గుడ్డ కట్టుకుని వచ్చింది. అంతే, అబద్ధం గొంతులోనే ఆగిపోయింది.

"చిమ్నీ కాదు" అన్నాడు. "నా వల్ల ఒక బొక్క పడింది. కర్పూరం ఎలిగించిన. లోపల, షీటు మీద."

గోపాలు నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడ్డాడు. భవాని రంగు డబ్బా కోసం పరుగెత్తింది. నాగక్క మాత్రం నవ్వలేదు.

"నా మెట్టెలకు రోజూ గుడ్డ కట్టిస్తివి గద మేస్త్రీ. నీ తల్లికి గట్టు మీద పీట వెయ్యరాకపాయెనా?" అంది. ఆ వెంటనే గణేష్‌ను లేపడానికి లారీ వైపు నడిచింది.

మిషను దిగింది. దేవ్లా మిషను పట్టుకుంటే గోపాలు షీటు ముక్క పట్టుకున్నాడు. మాసిక పడ్డాక దాని మీద సబ్బునీళ్లు పూసి, అద్దం పెట్టె బోర్లించి, లోపలి గాలిని పంపుతో లాగి చూస్తారు. సందు ఉంటే బుడగలు వస్తాయి. నాగక్క ఆ పెట్టె మీద తన బరువంతా మోపి కూర్చుంది. అందరూ అద్దంలోకి తొంగి చూశారు. బుడగ రాలేదు. దేవ్లా అంతటితో చాలనకుండా ఇంకోసారి చూడమన్నాడు, ఆ తర్వాత ఇంకోసారి. ఇంకా కూర్చోబెడితే నా నడుముకు మాసిక వెయ్యాలి అని నాగక్క లేచిపోయింది. పక్కన భవాని ఏనుగంత అక్షరాలతో "దేవ్లా" అని రాసింది.

నీళ్లు వదలడం ఆలస్యమైంది. పెద్దసారు కారణం అడిగితే దేవ్లా దాచకుండా చెప్పాడు. సారు ఆ పేరు వైపు చూశాడు, తన కాళ్ల వైపు చూసుకున్నాడు, పోన్లే మేస్త్రీ, ఈసారి చిరుగు నా సాక్సుకు కాదు అన్నాడు. ఆ తర్వాత నల్లనీళ్లు మెల్లగా పాకుతూ వచ్చి గోపాలు పేర్లను, భవాని పేరును, అందరికన్నా పెద్దగా ఉన్న దేవ్లా పేరును కప్పేశాయి. నాగక్క పేరు మాత్రం అందులో లేదు. ఆ సంగతి ఆమె చచ్చేదాకా ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

ఆ ఏడు వానలు పడి వెలిశాక దేవ్లా చెల్లెలి ఇంటికి వెళ్లాడు. గోరి బావినీళ్లు చెంబుతో ఇచ్చింది. అతను ముందు వాసన చూశాడు, తర్వాత వెలుతురుకు పట్టి చూశాడు, ఆ తర్వాత గటగటా తాగేసి ఇంకో చెంబు అడిగాడు. తల్లికి మొక్కినవా అన్నా అని గోరి అడిగితే, మొక్కిన, నాగక్క మొక్కు తీర్చింది అన్నాడు. గోరికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

తర్వాతి గుంట వేంసూరు దగ్గర ఒక నూనె మిల్లులో. మొదటి రోజు పొద్దున దేవ్లా ఎప్పటిలాగే రెండు గుడ్డపీలికలు తీసి నాగక్కకు అందించాడు. ఆమె వాటిని భుజాన వేసుకుని, కట్టుకోకుండా, అతని ముందు చెయ్యి చాచి నిలబడింది. దేవ్లా కాసేపు తెలియనట్టే నిలబడ్డాడు. చివరికి జేబులోంచి అగ్గిపెట్టె, కర్పూరం పొట్లం తీసి ఆ చేతిలో పెట్టాడు. నాగక్క రెండూ కొంగున ముడి వేసుకుని, ముడి గట్టిగా ఉందో లేదో అతనికి చూపించి, అప్పుడు వంగి తన మెట్టెలకు గుడ్డ కట్టుకుంది.