కండువా కింద వాచీ

ఆ రోజుల్లో లోకంలో జనమంతా పరాకుగానే బతుకుతున్నారని నాకో గట్టి నమ్మకం. ఉద్యోగం అలాంటిది మరి. వాచీలో మెసేజ్ వస్తే అది మణికట్టు మీద ఎలా వణకాలి, ఎంతసేపు వణకాలి అన్నది రోజంతా కూర్చుని తయారుచేయడం నా పని. (దీనికి కూడా జీతమిస్తారా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.) నేను చేసిన మొదటి వాచీ మనిషి పట్టించుకోకపోతే ఊరుకునేది కాదు, వేలితో తాకేదాకా అంతకంతకూ గట్టిగా వణికేది. ఆపడానికి వేరే దారి ఉండకూడదని పట్టుబట్టినవాణ్ణి కూడా నేనే. పరీక్షకని దాన్ని తీసుకెళ్ళి, నూజివీడులో మామిడి షావుకారైన మా నాన్న కుడిచేతికి కట్టాను. ఎడమచేతికి ఉన్న పాత వాచీ తియ్యనన్నారు.

ఆ ఉదయమే రెడ్డిగూడెంలో తోట బేరం, నేనూ వెంట వెళ్ళాను. ఏటా కాపు మేమే కొనే తోట. ఆ ఏడు మాత్రం పొరుగూరి వ్యాపారి ఒకాయన కూడా వచ్చి, మా బేరం ఎప్పుడు చెడుతుందా అని తోటలోని పాక బయట కాచుకుని కూర్చున్నాడు. అక్కడ ధర నోటితో చెప్పుకోరు. రైతూ షావుకారూ కండువా కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. బేరం తెగకముందే చెయ్యి తీస్తే తప్పుకున్నట్టే, రెండో చెయ్యి లోపల పెడితే మోసం చేసినట్టే. "చెయ్యి నిలకడగా ఉండాల్రా, వణికిందంటే మన అవసరం బయటపడిపోద్ది" అని నాన్న ఎన్నిసార్లు చెప్పారో!

చేతులు కండువా కిందికి వెళ్ళాయో లేదో, కండువా సన్నగా కదిలింది, వాచీ చప్పుడు చేయకుండా వణకడం మొదలెట్టింది. రెండో చేత్తో తాకి ఆపే వీల్లేక నాన్న పాక కప్పు వైపు చూస్తూ బిగుసుకుని కూర్చున్నారు. వాచీ మరింత రెచ్చిపోయింది. కండువా అంచులు కూడా అదరడం మొదలెట్టాయి. ఏటా దక్కే తోట నా తెలివితేటల వల్ల పోతోంది దేవుడా అనుకుంటూ చెమటలు తుడుచుకున్నాను.

ముసలి రైతు మొహం మారిపోయింది. "షావుకారుగారూ, ఎప్పట్నుంచండీ ఈ వణుకు?" అన్నాడు మెల్లిగా. "మా అన్నకీ ఇలాగే మొదలైందండీ. ఇంక బేరమెందుకు? మీరెంత నొక్కితే అదే ధర. తోట మీదే."

అమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను (సిగ్గులేకుండా). నాన్న మాత్రం చెయ్యి బయటికి తీసేశారు. బయట కాచుకున్న వ్యాపారి చటుక్కున లేచి నిలబడ్డాడు.

"వణుకు నాది కాదు బాబాయ్‌గారూ, మావాడు కట్టిన ఈ వాచీది. లేని జబ్బు చూపించి మీ తోట తీసుకోలేనండీ."

రైతు వాచీని చూశాడు, నన్ను చూశాడు. "అంటే మీకేం జబ్బు లేదన్నమాట?"

"లేదండీ."

"హమ్మయ్య! ఆ దిక్కుమాలినదాన్ని ఊడదీసి మళ్ళీ చెయ్యి పెట్టండి."

ఈసారి ధర నాన్న అనుకున్నదానికన్నా పైకే వెళ్ళింది. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. దారిలో తిట్లు తప్పవని నేను ముడుచుకుని కూర్చుంటే, ఊరు దగ్గరపడ్డాక ఒకే మాటన్నారు: "బాబాయ్‌గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయిరా, చూశావా?"

నేను చూడలేదు. నా కళ్ళు వాచీ మీదే ఉన్నాయి.

ఇప్పుడు నేను చేసే వాచీలు మెత్తగా ఒకసారి తట్టి ఊరుకుంటాయి. "చూసుకోకపోతే ఎలా సార్?" అని కొత్తగా చేరినవాళ్ళు కంగారుపడతారు. చెయ్యి ఎవరి చేతిలో ఉందో ఏమో, కాసేపు ఆగుదాం అంటాను. వాళ్ళకి అర్థం కాదు. పలకని ప్రతి మనిషీ పరాకుగా ఉన్నాడనుకున్న ఆనాటి నన్ను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.