పిన్ని చెంపకు పడిన కుట్లు

మా పిన్నికి గేదె కొమ్ము తగిలిందని ఫోను వచ్చేసరికి నేను కంకిపాడు బడిలో పాఠం చెబుతున్నాను. దాని తప్పేమీ లేదు. పిన్ని వంగి గడ్డి వేస్తుంటే, జోరీగ కుట్టేసరికి గేదె తల విదిలించింది. కొమ్ము కొన ఆమె ఎడమ చెంపను చెవి ముందు నుంచి నోటి మూల దగ్గరి వరకు చీల్చేసింది.

నేను వెళ్ళేసరికి ఊళ్ళో ఆస్పత్రిలో బల్ల మీద ముందుకు వంగి కూర్చుని ఉంది. పడుకుంటే నెత్తురు గొంతులోకి పోతుందని అక్కడి డాక్టరుగారు అలా కూర్చోబెట్టారట. గుడ్డను తనే చెంపకు అదిమి పట్టుకుంది.

"పైన కుట్లేసి పంపడం నాకు కష్టం కాదండీ," అన్నారాయన. "లోపలేం తెగిందో చూడకుండా మూసేస్తే తర్వాత బాధపడేది ఈవిడే. బెజవాడ తీసుకెళ్ళండి. దవడ, చెంప ఆపరేషన్లు చేసేవాళ్ళే చూడాలి."

ధనుర్వాతం ఇంజెక్షను చేసి, కట్టు కట్టి, అక్కడికి ఫోను కూడా ఆయనే చేశారు. తన చేతిలో లేని పనిని లేదని చెప్పిన ఆ మనిషంటే నాకు ఇప్పటికీ గౌరవం.

విజయవాడ ఆస్పత్రిలో చూసిన సర్జన్ చిన్న వయసావిడ. కట్టు విప్పినా వెంటనే గాయం జోలికి పోలేదు. ముందు పిన్ని ముఖాన్నే చూశారు.

"అమ్మా, కనుబొమ్మలు పైకెత్తండి. కళ్ళు గట్టిగా మూయండి. ఇప్పుడు పళ్ళు కనపడేలా నవ్వండి."

"ఇప్పుడు నవ్వేంటమ్మా!" అంది పిన్ని ముద్దమాటలతో.

"ఒక్కసారి, నాకోసం."

పిన్ని నవ్వింది. పైపెదవి కుడివైపు లేచింది, ఎడమవైపు కదల్లేదు. తర్వాత చెక్కపుల్ల ఇచ్చి కొరకమన్నారు. పళ్ళు ఎప్పటిలాగే కలుస్తున్నాయా, కింది పెదవి మొద్దుబారిందా అని అడిగారు. స్కానులో దవడ ఎముక విరగలేదని తేలింది.

నాకు బాగా గుర్తున్నది ఆ తర్వాతి సంగతి. డాక్టరమ్మ గాయాన్ని సెలైనుతో కడిగి, పొడిగా అద్ది, చెవి ముందు వేలితో మెల్లగా నొక్కారు. ఎర్రటి కండ మధ్య నీటిబొట్టులాంటిది ఊరింది. మళ్ళీ అద్దారు. మళ్ళీ ఊరింది.

"చూశారా, ఇది ఉమ్మి," అన్నారు నాతో. "దీన్ని నోట్లోకి తెచ్చే సన్నటి గొట్టం తెగింది. ఇలాగే కుట్టేస్తే అన్నం తిన్నప్పుడల్లా చెంప మీద నుంచి కారుతుంది. పక్కనే పెదవిని లేపే నరం కూడా తెగింది. రెండూ ఇవాళే కలపాలి."

మధ్యాహ్నం ఆపరేషన్ గదిలోకి వెళ్ళిన డాక్టరమ్మ సాయంత్రం నడుం పట్టుకుని బయటికొచ్చారు. నోటి లోపలి నుంచి సన్న ప్లాస్టిక్ గొట్టం దూర్చి తెగిన కొసలు దొరికించుకున్నారట. మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టి, ఆ తర్వాత లోపలి పొర, కండ, చర్మం ఒక్కొక్కటే మూశారట.

"నరం నెమ్మదిగా కోలుకుంటుందండీ. తొందరపెట్టలేం," అన్నారు.

పిన్ని కూడా తొందరపడలేదు. కొన్నాళ్ళు గంజి, మజ్జిగతోనే గడిపింది. కుట్లు మానేదాకా లోపల ఉంచిన ఆ ప్లాస్టిక్ గొట్టం తీసేశాక కూడా పుక్కిలిస్తే నీళ్ళు ఎడమ మూల నుంచి కారేవి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పుక్కిలించేది. చూడ్డానికొచ్చినవాళ్ళు "అయ్యో, ముఖం!" అంటే, "ముఖం ఉందిగా, ఇంకేం?" అనేది. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ అద్దం ముందు నిలబడి పప్పు, బువ్వ, పాప, బాబు అని పెదవులు కలిపి పలికేది. కొన్ని నెలలకు ఒక ఉదయం పెదవి ఎడమ మూల సన్నగా అదిరింది. "ఇటు రావే, కదిలింది!" అని నన్ను కేకేసింది.

తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, అక్కడొకాయన గడ్డానికి గుడ్డ అదిమి వణుకుతూ కూర్చున్నాడు. కొండపల్లిలో కొయ్య చెక్కుతుంటే ముక్క ఎగిరొచ్చి తగిలిందట. డాక్టరమ్మ లోపల సామాను సిద్ధం చేసుకుంటూ, "అమ్మా, కాస్త ఆయనతో మాట్లాడతారా?" అన్నారు.

పిన్ని వెళ్ళి పక్కన కూర్చుంది. చెంప అతని వైపు తిప్పి మచ్చ వెంట వేలితో గీసి చూపించింది.

"నొప్పి పుట్టిందా అండీ?" అన్నాడతను.

"పుట్టకేం బాబూ, బాగా పుట్టింది," అంది పిన్ని. "ఆవిడ చెయ్యి మాత్రం మంచిది. భయపడకు, నేనిక్కడే ఉంటాలే."