అమ్మ ఎక్కిన ఎర్ర స్పోర్ట్స్ కారు

ఆ రోజుల్లో ఎవరైనా "ఇది కాదు, వద్దు" అంటే నా చెవికి ఎక్కేది కాదు. కొంత వయసు మహిమ, కొంత సాంచెల చప్పుడు. భివండీ పద్మనగర్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే పని నాది, ఇరవై ఆరేళ్ల వయసు. గైబీ నగర్‌లోని ఒక పాత ఇనుప సామాను కొట్లో, సీట్లలో గడ్డి మొలిచిన పాతకాలపు స్పోర్ట్స్ కారొకటి కనబడింది. టాపు లేదు, పట్టేది ఇద్దరే. ఇంటికి తెచ్చి, నాలుగేళ్లపాటు ఆదివారాలన్నీ దాని కిందే గడిపాను. (దొరకని బోల్టులు లేతు మీద చేయించాను. ఒకటి రెండు సాంచెవి కూడా ఉన్నాయి, మా సేటుకు చెప్పకండి.) వెనక గల్లీలో ఉండే చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, "నీ కొడుకు కారు కిందనే ముసలోడైతడు గని, కార్ల కూసోడక్కా" అనేది.

ఎర్ర రంగు ఆరిన ఆదివారం కారు కదిలింది. ఏళ్ల తరబడి కండెలు చుట్టిన అమ్మ, పట్టుచీర కట్టుకొని వచ్చి పక్కన కూర్చుంది. "ఏందిరా, పీట మీద కూసున్నట్టుంది" అంది. ధామన్కర్ నాకా కూడలిలో ఆటోవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు తీస్తుంటే మాత్రం మెల్లగా తల పంకించింది. తిరుగు దారిలో, "చిన్నమ్మ ఇంటి ముంగట్నుంచి పోనియ్యి. జర నిమ్మలంగ" అంది.

నిమ్మలంగానే పోనిచ్చాను. సరిగ్గా చిన్నమ్మ గుమ్మం ముందు కారు రెండుసార్లు గురగురమని ఆగిపోయింది. తాళం తిప్పినా పలకదు. "అమ్మా, దిగుతవా? నూకాలె" అన్నాను నీరసంగా.

"నేను దిగ. నువ్వు సక్కగ కూసో."

టీకి బయటికొచ్చిన నలుగురు సాంచెల పనివాళ్లు నవ్వుకుంటూ నెట్టసాగారు. చిన్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏందక్కా, నూకుతున్నరు?"

చిన్నమ్మ తర్వాత చెప్పింది, అమ్మ మెడైనా తిప్పలేదట. "గల్లీల గూడ పెట్రోలెందుకు దండుగ" అంది.

నెట్టేవాళ్లు నవ్వు ఆపుకోలేక ఆగిపోయారు. చిన్నమ్మ కూడా నవ్వుతూనే కొంగు నడుముకు దోపి, వచ్చి తనూ ఒక చెయ్యి వేసింది. ఆ ఊపులో క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంది. ఇంటికొచ్చాక అమ్మ, "వచ్చే ఐతారం మీ చిన్నమ్మను తిప్పుకరా. అంత దూరం నూకింది పాపం" అంది.

ఆ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇప్పుడెక్కడా ఆగదు, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. ఆ రోజు స్టీరింగ్ పట్టుకున్న కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటేనే కాస్త నవ్వొస్తుంది. పక్కన అమ్మ మహారాణిలా కూర్చున్న ఆ కాసేపూ వాడు ఆమె వైపు చూడనేలేదు. సున్నా దగ్గర ఆగిన స్పీడోమీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాడు.