మామ పిడికిట్లో చింతగింజలు

మా మామ పోయారన్న కబురు నాకు తొమ్మిదో తరగతి గదిలో అందింది. గురువారం, మూడో పీరియడు. బోర్డు మీద లెక్క వేస్తుండగా మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, నాయిన లేడు," అన్నాడు. పొద్దున నాకు ఆటో పిలిచి ఎక్కించిన మనిషి లేడంటే ఏమర్థమవుతుంది? ఎటు పోయారని అడిగాను. అవతల వాడు ఏడుపు మొదలుపెట్టాక గాని నా బుర్రకెక్కలేదు. స్నానం చేసొచ్చి మంచం మీద కూర్చున్నారట, అత్త చాయ్ తెచ్చేలోగా గుండె ఆగిపోయింది. దవాఖానకు తీసుకుపోయే పని కూడా ఎవరికీ పెట్టలేదు.

ఆయన బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యారు. మనుషుల్ని లోపలికి పంపేముందు కట్టెతో పైకప్పు తట్టి, చప్పుడు విని, పోవచ్చో కూడదో చెప్పే ఉద్యోగం. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆ సర్దారు గురించే చెప్పి వెళ్ళారు. నేను చెప్పబోయేది ఆయన మాతో ఆడించిన ఆట గురించి. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ ఆటను ఇంటికి తెచ్చింది నేనే. వరంగల్‌లో చదువుకునేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్నాను. చుట్టూ కూర్చుని ఆడే సాహసకథ అది. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్ళు తలా ఒక వేషం కడతారు, రాక్షసులు ఎదురైతే పాచికలు వేసి కొట్లాడతారు. ఎంత బలమున్న వీరులకు ఎంతమంది రాక్షసులు సరిజోడో నియమాల పుస్తకంలో పట్టికలుంటాయి. పెళ్ళయి వచ్చిన మొదటి ఎండాకాలం సెలవుల్లో ఏం తోచక, ఒక ఆదివారం క్వార్టర్లో అందర్నీ కూర్చోబెట్టాను. బల్లి కనిపిస్తే గది వదిలి పారిపోయే మా అత్త కత్తి పట్టే వేషమే కావాలంది. మా ఆయన మాంత్రికుడు, మరిది దొంగ. మామ ఆడనన్నారు.

నాకు లెక్కంటే పిచ్చి. పట్టికలన్నీ చూసి ఆరుగురు రాక్షసుల్ని సిద్ధం చేశాను, వెంట్రుకవాసి తేడా లేదు. తీరా కథలోని సొరంగంలో అడుగుపెట్టగానే అన్నదమ్ములిద్దరూ ఆగిపోయారు. పైకప్పు ఎట్లుంది, ఎవరన్నా తట్టి చూశారా అని నన్నడుగుతారు! ఇద్దరూ చేసేది ఓపెన్‌కాస్టు గనిలో, ఆకాశం కింద. అయినా ఆ తండ్రి పెంపకం ఎక్కడికి పోతుంది? ఆయుధాలు పక్కన పడేసి, దుంగలు మోసుకొచ్చి, కప్పుకు ఊతాలు పెట్టడం మొదలుపెట్టారు. అత్త దీపం పట్టుకుంది. నాకు ఒళ్ళు మండి, అదే అదనుగా రాక్షసుల్ని వదిలాను. చేతుల్లో దుంగలున్నవాళ్ళు ఏం కొట్లాడతారు? అరగంటలో ముగ్గురూ చచ్చారు. ఆ పూట అత్త నాకు అన్నం వడ్డించింది గాని నా మొహం చూడలేదు.

మంచం మీద పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అంతా విన్న మామ, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "లెక్కల తప్పు లేదు బిడ్డ. మనుషులనే సూడలే నువ్వు," అన్నారు.

మరుసటి ఆదివారం నుంచి ఆట ఆయన చేతికి పోయింది. నేను విల్లు పట్టిన అమ్మాయి వేషం కట్టి అవతలి వైపు కూర్చున్నాను. పుస్తకం నాతో రెండుసార్లు చదివించుకుని, తెలుగులో చెప్పించుకుని, ఇక దాని జోలికి పోలేదాయన. పాత క్యాలెండర్ కాగితాల వెనక గళ్ళు గీసి సొరంగాలు వేసేవారు. ప్రతిదానికీ రెండు దారులు, ఒకటి మూసుకుపోతే ఇంకొకటి. రాక్షసులు చింతగింజలు, మేము చొక్కా గుండీలం. ఎన్ని దింపబోతున్నారో తెలియకుండా గింజల్ని పిడికిట్లో పట్టుకుని, ఏ షిఫ్టు చేసొచ్చావు, తిన్నావా అని వరుసగా అడిగేవారు. మరిది నైటు డ్యూటీ చేసొచ్చి ఎర్రటి కళ్ళతో కూర్చుంటే రెండు గింజలు జేబులోకి పోయేవి. పరీక్ష పేపర్లు దిద్ది నేను చిరచిరలాడుతున్న రోజు ఒకటి ఎక్కువే పడేది. అత్తకు మోకాళ్ళు నొస్తున్నాయంటే ఆ వారం సొరంగంలో మెట్లుండేవి కావు.

ఇదేం పద్ధతి అని ఒకసారి అడిగాను. "దెబ్బ తాకాలె బిడ్డ. కాని లేసి నిలవడేంతనే తాకాలె," అన్నారు. ఆయన షిఫ్టులో ఒక్క ప్రాణం కూడా పోలేదని అత్త గొప్పగా చెప్తుంటే మాత్రం తల అడ్డంగా ఊపేవారు. అది తన తెలివి కాదట, భయమట.

ఇప్పుడు నన్ను కాల్చుకు తింటున్న సంగతి చెప్పాలి. ఆయన పోవడానికి పదకొండు రోజుల ముందు, ఆదివారం ఆటలో అత్త గుండీ పడిపోయేలా, అంటే ఆమె వేషం చచ్చేలా ఉంది. మామ దగ్గినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ చేతిని దించుతూ దించుతూ ఒక గింజను మోకాలి కిందకు తోశారు. నేను చూశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు ఊరుకోదు. అందరి ముందూ అనేశాను. "మామా, మీరు మమ్ముల గెలిపిస్తున్నరు. గిట్ల గెలిస్తే అది గెలుపెట్లయితది?" మా ఆయన ఉరిమి చూశాడు. మామ మాత్రం ఆ గింజ తీసి, ఉన్న గడిలోనే మళ్ళీ పెట్టారు. వచ్చే వారం పెట్టిన గింజ ముట్టనన్నారు.

అన్నట్టే ముట్టలేదు. పుస్తకం ప్రకారం ఎన్ని ఉండాలో నన్నే లెక్కకట్టమన్నారు. ఏడు అన్నాను. ఏడు గింజలూ అందరి కళ్ళెదుట పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పాచికలు నాకు ఒక్కటీ సరిగ్గా పడలేదు. ఆఖరి దెబ్బకు ఆయన చెయ్యి ఒళ్ళోంచి లేచింది, గింజ దాకా వచ్చింది, వెనక్కి పోయింది. నా గుండీ పడిపోయింది. కోరి తెచ్చుకున్నదే. అయినా ఇన్నేళ్ళు నడిపిన వేషం కదా, వంటింట్లోకి పోయి చిన్నపిల్లలా ఏడ్చాను.

మామ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "ఏడ్వు బిడ్డ, తప్పులేదు. కాని వాళ్ళు ముగ్గురింక లోపట్నే ఉన్నరు. వచ్చే ఆదివారం నువ్వు నా దిక్కు కూసో. ఇద్దరం కల్సి బయటకు తెద్దాం."

సరేనన్నాను, అంతే. మీరు చేసిందే సరైంది మామా అని ఒక్క ముక్క అనలేదు. చెప్పడానికి ఆదివారం ఉందిలే అనుకున్నాను. ఆ ఆదివారం రాకముందే గురువారం వచ్చింది. ఒక్కసారి ఆయన పక్కన కూర్చుని, ఆ పిడికిట్లోకి తొంగిచూసి, వీళ్ళకు ఎన్ని చాలు మామా అని అడగాలని ఎంతగా ఉందో చెప్పలేను. స్కూల్లో ఉన్నా, బస్సులో ఉన్నా అదే కోరిక. తీరదని తెలుసు. తెలిసినా పోదు.

దినాలయ్యాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, అత్తే ఆ క్యాలెండర్ కాగితం తెచ్చి పరిచింది. అన్ని రోజులూ ఆమె చాయ్ తాగడమే తప్ప కడుపునిండా తిన్నది లేదు. మామ కూర్చునే చోటు చూపించి నన్ను కూర్చోమంది. నావల్ల కాదన్నాను. "మేం లోపట్నే ఉన్నం గదనే," అంది.

మూడు గుండీలు ఎక్కడ ఆగాయో అక్కడే పెట్టాను. నా గుండీ పడిపోయేనాటికి మిగిలిన రాక్షసులు నలుగురు, వాళ్ళనూ పెట్టాను. అత్త మొహం చూసి ఒక గింజ తీశాను. మరిది బోడిగుండు మీద చెయ్యి రాసుకుంటూ నేల చూస్తున్నాడు, ఇంకొకటి తీశాను. మా ఆయన పాచికలు చేతిలోకి తీసుకుని వెయ్యలేక పట్టుకునే ఉన్నాడు. మిగిలిన రెండూ తీసేశాను.

"ఇగ ఎవ్వలు లేరా?" అంది అత్త.

"లేరత్తా. దారి సాఫ్. నడువుండ్రి."

అన్నదమ్ములు తమ గుండీల్ని జరుపుకుంటూ కాగితం అంచు దాటించారు. అత్త ఒక్కో గడీ వేలితో నెట్టుకుంటూ మెల్లగా వచ్చింది. తొందరపెట్టాలని ఎవరికీ అనిపించలేదు. ఆఖరి గడిలోకి వచ్చి ఆగింది. ఇంకొక్కటే అత్తా అన్నాను. ఆమె తలెత్తలేదు.

"బయటికి పోతే ఆట అయిపోతది గదనే. ఈడనే ఉంట కొద్దిసేపు," అంది.

సొరంగం మూతి దగ్గర తెల్ల గుండీ, దాని మీద అత్త వేలు.