విల్లుకు అచ్చు చెక్కిన రోజులు

అప్పట్లో నేను అల్లూరు దగ్గర ఒక బడిలో ఆడపిల్లలకు డ్రిల్లు నేర్పేదాన్ని. ట్రైనింగులో ఉన్నప్పుడు విలువిద్య రుచి మరిగాను. ఒంటి వెదురుతో చేసుకున్న విల్లు తొందరలోనే విరిగింది. పలుచని బద్దలు ఒకదాని మీద ఒకటి అతికించి చేసిన విల్లు గట్టిగా నిలుస్తుందని తెలుసు. మనమే చేసేద్దామని నాయనతో అన్నాను.

నాయన వడ్రంగి. బండిచక్రం కింద కుడిచెయ్యి నలిగినప్పటి నుంచి ఆ చేతివేళ్లు ముడుచుకోవు. పనులు ఒప్పుకోవడం మానేశాడు.

"చీల్చిన వెదురును మళ్లీ అతికించేదేందిమ్మా?" అన్నాడు.

"నువ్వు చూస్తా ఉండు నాయనా, నేను చేస్తా."

సముద్రపు గాలికి మా ఊళ్లో ఏదీ సరిగ్గా ఆరదు. అందుకని వెదురును పొయ్యి పైన అటక మీద ఎండబెట్టాను. బద్దలు తీసి, కణుపులు చదును చేసి, కొసల వైపు పలుచగా చిత్రిక పట్టాను. నాయన మంచం మీద కూర్చుని ఎడమ బొటనవేలితో తడిమి చూసేవాడు. "ఇక్కడ మందంగా ఉండాది, ఇంకొంచెం తియ్" అనేవాడు. బంక పట్టు దొరకాలని విరిగిన రంపపు బ్లేడుతో బద్దల మీద గీతలు గీశాను.

అచ్చుకు పాత వేప తలుపు చెక్క దొరికింది. విల్లు ఏ వంపులో ఉండాలో ఆ వంపు గీసి, అంచు కోశాను. విల్లు దానికే అతుక్కుపోకుండా కొవ్వొత్తి మైనం రుద్దాను. బిగించి కట్టడానికి పాత సైకిలు ట్యూబులను పట్టీలుగా కోశాను.

ముందు బంక లేకుండా కట్టి చూశాం.

"బాగానే కూర్చున్యాది. బంక కలుపు," అన్నాడు నాయన.

నేను ఒక పోస్టుకార్డు తీసి బద్దల నడుమ దూర్చాను. సులువుగా దూరిపోయింది.

"ఇది విల్లు నాయనా. సందుంటే లాగినప్పుడు అక్కడే విచ్చుకుంటుంది."

నాయన కట్లు విప్పించాడు. ఆకురాయిని ఎడమచేత్తో పట్టుకుని, ముడుచుకోని కుడి అరచేతిని దాని మీద అదిమిపెట్టాడు.

"చెక్క కదలకుండా పట్టుకో," అన్నాడు.

దెబ్బ తగిలాక ఆయన పనిముట్టు పట్టడం అదే మొదలు. చెమటలు కారుతున్నా ఆపలేదు. అచ్చు అంచు మిట్టగా ఉన్నచోటల్లా అరగదీశాడు. మళ్లీ కట్టి చూస్తే కార్డు దూరలేదు.

మద్రాసు నుంచి తెప్పించిన పొడి బంకను నీళ్లతో కలిపి, బద్దలకు పూసి, అచ్చు మీద పేర్చాం. నేను పట్టీ చుట్టి లాగుతుంటే, జారకుండా ఆయన అరచేత్తో నొక్కిపెట్టాడు. బాగా ఆరాక కట్లు విప్పి చెక్కసుత్తితో తట్టితే విల్లు అచ్చు నుంచి శుభ్రంగా ఊడివచ్చింది. కొసలు చెక్కి, నారి కట్టి, సరుగుడు తోపు పక్కన ఇసుకలో నిలబడి లాగాను. వంపు రెండు వైపులా సమంగా వచ్చింది. బాణం నేను గురిపెట్టిన మట్టిగుట్టలోనే దిగింది.

ఆ తరువాత కొన్నాళ్లకు ఒక రైతు విరిగిన నాగలి తీసుకుని, అడగాలా వద్దా అన్నట్టు మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఆడ పెట్టన్నా," అన్నాడు నాయన. "కొంచెం ఆలస్యమవతాది. నేను చెక్కతా, మా అమ్మాయి పట్టుకుంటాది."