ప్రకాశరావు బిగించిన వూఫర్

2006 వేసవి. అనకాపల్లిలో హైవే పక్కన మెకానిక్ షెడ్ల వరసలో నా కార్ ఆడియో షాపు ఉండేది. బళ్ళలోంచి క్యాసెట్ ప్లేయర్లు పీకించి సీడీ ప్లేయర్లు పెట్టించుకుంటున్న రోజులవి. పెళ్ళిళ్ళ సీజన్ కావడంతో అద్దెకి తిరిగే సుమోలూ జీపులూ షాపు ముందు ఆగి ఉండేవి. వచ్చిన ప్రతి డ్రైవరూ దాదాపు ఒకటే అడిగేవాడు. పాట చెవులకి కాదు, గుండెలకి తగలాలి.

అలా తగిలేలా చేసేది సబ్‌వూఫర్. మామూలు స్పీకర్లు పలకలేని బాగా కింది శబ్దాలని, అంటే డోలు దెబ్బ, బేస్ గిటార్ తీగ లాంటి వాటిని పలికించే పెద్ద స్పీకర్ అది. చెక్క పెట్టెలో బిగించి బండి వెనక భాగంలో పెడతాం. దానికి బలం ఇచ్చేది ఆంప్లిఫయర్. ఒక వూఫర్ ఉన్నవాడికి రెండోది కూడా పెట్టాలనిపిస్తుంది. రెండు పెడితే సౌండు రెట్టింపవుతుందని నమ్మకం. కలపడం తెలిస్తే బాగానే పెరుగుతుంది. తెలియకపోతే ఉన్నది కూడా పోతుంది. జోసెఫ్ విషయంలో అదే జరిగింది.

జోసెఫ్ తుమ్మపాల కుర్రాడు. పాతికేళ్ళుంటాయి. ఆరోజు నేను షట్టరు ఎత్తేసరికే తెల్ల సుమో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే వెనక డోరు తీసి చూపించాడు. లోపల రెండు వూఫర్ పెట్టెలున్నాయి. ఒకటి కొత్తది, విశాఖపట్నంలో రెడీమేడ్‌గా కొన్నది. రెండోది పాతది, ఇంట్లో ప్లైవుడ్డు కోసి చేసిన పెట్టె. దానికి నీలం రెక్సిన్ అంటించి ఉంది. మూలల్లో రెక్సిన్ ముడతలు పడింది.

"మామా, ఒక్కటున్నపుడు బాగా కొట్టేది. రెండోది పెట్టేక పెరగాల కదా, ఉన్నదీ పోయింది. మా బావకి కోపమొచ్చిందేటోనని బయమేత్తంది," అన్నాడు.

బావెవరని అడిగాను. అప్పుడు కూర్చోబెడితే కాస్త కాస్తగా చెప్పుకొచ్చాడు.

ఆ సుమో వాళ్ళ అక్క సువార్త భర్త ప్రకాశరావుది. మునగపాక, నాతవరం వైపు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తిప్పేవాడట. ఆదివారాలు మాత్రం బండి బయటికి తీసేవాడు కాదు. చర్చిలో పాటల గుంపుకి బేస్ గిటార్ వాయించేది ఆయనే. సంఘం వాళ్ళందరూ కలిసి తమ పాటలని ఒక సీడీగా రికార్డు చేయించుకున్నారు. ఆ సీడీ బండిలో పెట్టుకుంటే గిటార్ సరిగ్గా వినపడలేదని, తనే చెక్క కోసి, వూఫర్ కొనుక్కొచ్చి ఈ పెట్టె తయారు చేసుకున్నాడు. తర్వాత పచ్చకామెర్లు ముదిరి చనిపోయాడు. అప్పటి నుంచీ బండి జోసెఫ్ నడుపుతున్నాడు. ఆ రాబడి మీదే రెండిళ్ళూ గడుస్తున్నాయి.

భర్త పోయాక సువార్త తమ్ముణ్ణి కోరింది ఒక్కటే. ఆ పెట్టెని ముట్టుకోవద్దని. జోసెఫ్ ఆ మాట నిలబెట్టుకుంటూనే వచ్చాడు. కానీ ఆ వేసవిలో టూర్లకి వెళ్ళే కుర్రాళ్ళు బండిలో బేస్ చాలదని వేరే బళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పాతదాన్ని తియ్యకుండా దాని పక్కన ఇంకోటి పెడితే అక్క మాటా దక్కుతుంది, బేరాలూ దక్కుతాయని అనుకున్నాడు. కొత్తది తెచ్చి, పాతదాని వెనక ఉన్న తీగలకే దీని తీగలు కూడా కలిపేశాడు.

ఆదివారం అక్కని చర్చికి తీసుకెళ్తూ ఎప్పటిలాగే ఆ సీడీ పెట్టాడు. పాటలు వచ్చాయి. గొంతులు వచ్చాయి. గిటార్ రాలేదు. సువార్త కాసేపు విని, వెనక్కి తిరిగి రెండు పెట్టెల్నీ చూసింది. చర్చి దగ్గర దిగిపోయింది. ప్రార్థన అయ్యాక తమ్ముడి బండి ఎక్కకుండా నడిచి ఇంటికెళ్ళింది. అప్పటి నుంచి తమ్ముడితో మాటల్లేవు. వేళకి అన్నం మాత్రం పెడుతోంది.

కొత్తదాన్ని తీసేసి చూడలేదా అని అడిగాను.

"మళ్ళీ ముట్టుకోడానికి సేతులు రాలేదు మామా. ఈసారి నిజంగానే పాడైపోతే అక్కకి ఏటని సెప్పను?" అన్నాడు.

నేను చేసిన మొదటి పని కొత్త వూఫర్ తీగ ఒకటి ఊడదీయడం. బండిలో ఉన్న చర్చి సీడీ పెట్టి పాట వేశాను. నీలం పెట్టె పలికింది. మెత్తగా, నిండుగా గిటార్ వచ్చింది. నిజానికి ఆయన చాలా బాగా వాయించాడు. ఎక్కడా తొందర లేదు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చోట తనూ ఆగి, మళ్ళీ అందుకున్నాడు. జోసెఫ్ బండి టైరుకి ఆనుకుని కింద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను పాట పూర్తయ్యేదాకా ఆపలేదు.

తర్వాత అతనికి జరిగింది వివరించాను. స్పీకర్లో కోను ఉంటుంది. అది ముందుకీ వెనక్కీ కదులుతూ గాలిని నెడుతుంది. రెండు వూఫర్లు పెట్టినప్పుడు రెండు కోన్లూ ఒకేసారి ముందుకి రావాలి, ఒకేసారి వెనక్కి పోవాలి. దీన్నే మా పనిలో పొలారిటీ అంటాం. ఒకటి ముందుకి తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగితే ఇది తోసిన గాలిని అది మింగేస్తుంది. రెండూ కష్టపడుతూనే ఉంటాయి, బయటికి మాత్రం ఏమీ వినపడదు. అది కాక, రెండు వూఫర్లనీ ఒకే జత తీగలకి కలపడం వల్ల ఆంప్లిఫయర్ మీద లోడు పెరిగి వేడెక్కుతోంది. ఇంకొన్నాళ్ళు అలాగే తిప్పితే అదీ కాలిపోయేది.

"అయితే నేనే తీగలు తిరగేసేనన్నమాట," అన్నాడు. భయం పోయి ఇప్పుడు సిగ్గు పట్టుకుంది.

దాన్ని తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. టార్చిలైట్లో వేసే చిన్న సెల్లు తీసుకుని, దాని ప్లస్‌ని వూఫర్ ప్లస్‌కీ, మైనస్‌ని మైనస్‌కీ ఒక్క క్షణం తాకించాలి. సరిగ్గా ఉన్న కోను టప్‌మని ముందుకి వస్తుంది. కొత్తదానికి తాకిస్తే ముందుకొచ్చింది. నీలం పెట్టె వెనక ప్లస్‌కి ఎర్ర రంగు, మైనస్‌కి నల్ల రంగు బిళ్ళలున్నాయి. వాటికి తాకిస్తే కోను లోపలికి పోయింది. మళ్ళీ చూశాను. మళ్ళీ లోపలికే. అంటే జోసెఫ్ బయట ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు సరిగ్గానే కలిపాడు. తిరగబడింది పెట్టె లోపల. ప్రకాశరావు తన చేత్తో టంకం పెట్టిన చోట. ఒక్క వూఫరే ఉన్నన్నాళ్ళూ కోను ముందు లోపలికి పోయినా, బయటికి వచ్చినా చెవికి తేడా తెలియదు. పక్కన రెండోది చేరాకే బయటపడింది.

పెట్టె విప్పి లోపల తీగలు మార్చడం పెద్ద పని కాదు. స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. జోసెఫ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అక్కని అడగకుండా విప్పొద్దన్నాడు. ముందు ఆవిణ్ణి తీసుకురా, పాట వినిపిద్దాం అన్నాను. వెళ్ళి గంటకి ఒక్కడే తిరిగొచ్చాడు. రానందట. కుట్టుమిషను మీంచి లేవలేదట. పెట్టె పాడవలేదని చెప్పినా తల ఎత్తలేదట.

ఎండ బాగా ముదిరాక ఒకావిడ సర్వీసు ఆటో దిగి, షాపు బోర్డు చూసుకుంటూ వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. చేతిలో గొడుగు. తమ్ముణ్ణి పలకరించలేదు. నేరుగా బండి వెనక్కి వెళ్ళి నీలం పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

నేను పాట వేశాను. కొత్త వూఫర్ ఇంకా ఊడదీసే ఉంది. గిటార్ మొదలవగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి మాత్రం పెట్టె మీంచి తియ్యలేదు. పాట సగంలో తనే ఆపమంది.

"తప్పు ఎవరిదన్నయ్యా?" అని అడిగింది.

తీగలు లూజయ్యాయని ఏదో ఒకటి అనేసి తప్పించుకోవచ్చు. ఎవరికీ నొప్పి ఉండదు. కానీ జోసెఫ్ అక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, మొహం ఎత్తకుండా. నేను దాటేస్తే ఆ తప్పు ఎప్పటికీ అతని మీదే ఉండిపోతుంది.

"మీ తమ్ముడిది కాదమ్మా. మీ ఆయనే లోపల ప్లస్సూ మైనస్సూ తారుమారుగా అతికేడు. ఒక్కటే ఉన్నన్నాళ్ళూ తెలీలేదు," అన్నాను.

సెల్లు ఆవిడ చేతికే ఇచ్చి ఎలా తాకించాలో చూపించాను. తాకించింది. నీలం పెట్టెలో కోను లోపలికి పోయింది. కొత్తదానికి తాకిస్తే ముందుకొచ్చింది. మళ్ళీ నీలం పెట్టెకి తాకించింది. అప్పుడు ఆవిడ పెదాలు కదిలాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది.

"మా ఇంట్లో స్విచ్చులన్నీ ఇలాగే ఉంటాయన్నయ్యా. అన్నీ ఆయనే బిగించేడు. పైకి నొక్కితే వెలుగుద్ది, కిందకి నొక్కితే ఆరిపోద్ది. సుట్టాలొత్తే సీకట్లో తడుముకోవడమే," అంది.

జోసెఫ్ కూడా నవ్వేశాడు. బాత్‌రూములో లైటు వెయ్యబోయి ఫ్యాను తిప్పిన సంగతి ఏదో చెప్పబోయి మధ్యలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సువార్త వాడి దగ్గరికి వెళ్ళి కొంగుతో వాడి మొహం తుడిచింది. నేను అవసరం లేకపోయినా షాపులోకి వెళ్ళి వైరు వెతుకుతున్నట్టు నిలబడ్డాను.

తిరిగొచ్చి, పెట్టె విప్పి తీగలు సరిచెయ్యమంటారా అని అడిగాను.

"ఒద్దన్నయ్యా. ఆయన పెట్టింది అలాగే ఉండనీ. కొత్తదాన్నే తిప్పండి. అది ఆయన దారికి రాదేటి?" అంది.

వస్తుంది. రెండు కోన్లూ ఒకే వైపు కదిలితే చాలు, అది ఏ వైపన్నది వాటికి పట్టదు. కొత్త వూఫర్ తీగలు బయటే తారుమారు చేశాను. ఆంప్లిఫయర్లోంచి బలం బయటికొచ్చే రెండు దారుల్నీ, అంటే ఛానెళ్ళని, విడదీసి ఒక్కోదానికి ఒక్కో వూఫర్ ఇచ్చాను, లోడు పంచుకునేలా. ఇక మిగిలింది గెయిన్. అంటే ఒక్కో వూఫర్‌కి ఎంత బలం అందాలో సర్దడం. కొత్తదానికి సత్తువ ఎక్కువ. దాన్ని పూర్తిగా వదిలేస్తే పాతది దాని కింద అణిగిపోతుంది. పాతదాన్ని దానితో సమానంగా తోస్తే కోను చిరిగిపోతుంది. అందుకని పాతది ఎంత తట్టుకుంటుందో ముందు చూసుకుని, కొత్తదాన్ని ఆ మేరకి తగ్గించాను.

మళ్ళీ అదే పాట వేశాను. ఈసారి సుమో తలుపులు సన్నగా అదిరాయి. పక్క షెడ్డులో వెల్డింగు చేసేవాళ్ళు పని ఆపి ఇటు తిరిగారు. టూరు బేరాలకి సరిపడా సౌండు వచ్చింది. దాని నడుమ గిటార్ ఏ తీగకి ఆ తీగ స్పష్టంగా వినపడుతోంది. సువార్త వెనక సీటులో కూర్చుని మొత్తం పాట వింది. అయ్యాక ఇంకోసారి వెయ్యమంది. తర్వాత ముందుకొచ్చి తమ్ముడి పక్క సీటులో కూర్చుని, ఇంటికి పోదాం పదమంది.

అప్పటికే ఆ పనిలో చాలా ఏళ్ళు గడిచాయి నాకు. తప్పు దొరికితే సరిచెయ్యడమే పని అనుకునేవాణ్ణి. సరిచెయ్యకూడని తప్పు కూడా ఒకటి ఉంటుందని ఆరోజు తెలిసింది. అటు తర్వాత పాత పెట్టె ఏది నా ముందుకొచ్చినా స్క్రూడ్రైవర్ తియ్యకముందే, దీన్ని చేసిందెవరని అడిగేవాణ్ణి.